సముద్రపు నాచుకు సాంబ్రాణి పొగ

2007లో సముద్రంలో నూనె పండించిన వాళ్లలో నేనూ ఒకణ్ణని మా వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాతలో అబద్ధం ఎందుకు గానీ, నేను సముద్రంలో పాదమైనా తడపలేదు. ఆబిడ్స్‌లో లేబొరేటరీ గాజుసామాను అమ్మేవాణ్ణి.

మెదక్ అమ్మాయి మెర్సీ నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని మైక్రోఆల్గే పెంచేది. అంటే కంటికి ఆనని నాచు; దాని ఒంట్లో నూనె ఉంటుంది. సముద్రం మీద తేలే ప్లాస్టిక్ సంచుల్లో దాన్ని పెంచాలని వాళ్ల చిన్న కంపెనీ ప్రయత్నం. ఆ సంచులు గాలివానకు చినిగిపోయాయి. మిగిలిన విత్తనం, మదర్ కల్చర్ అంటారు, ఆమె గదిలోని సీసాల్లోదే.

ఒకరోజు మెర్సీ కొట్టుకు వచ్చింది. "అంకుల్, సీసాలల్ల ఉన్నవి గూడ తెల్లబడుతున్నయి. ఇవి పోతే ఇంక మా దగ్గర ఏం లేదు."

వెంటనే ఆమెతో వెళ్లాను. చూడగానే జబ్బేమిటో పట్టేశానని రాయాలని ఉంది. కానీ ముందు నీళ్లలోని ఉప్పును తప్పుపట్టాను, తర్వాత ట్యూబ్‌లైటును. అంతలో ఆ ఇంటి యజమానురాలు నర్సవ్వ, మెర్సీ ఇంకా రాలేదనుకుందేమో, సాంబ్రాణి పొగతో లోపలికి వచ్చింది. చంటిపిల్లలకు వేసినట్టు ఒక్కొక్క సీసాకూ పొగ వేసింది.

"రోజూ వేస్తరా అమ్మా?" అన్నాను.

"ఔ సారూ. సంచులు చినిగినయని బిడ్డ వీటి ముంగట కూసోని ఏడ్సింది. దిష్టి తగిలిందేమోనని బిడ్డ బయటికి పోయినప్పుడు వేస్తున్న. వాడిపోతున్నయని ఇప్పుడు రెండు పూటలు."

గదిలోని గాలి పీల్చి సీసాల్లోకి పంపే ఎయిర్ పంపు అక్కడే నేల మీద ఉంది. ఫిల్టర్ ఈమధ్యే మార్చారని ఎవరూ విప్పి చూడలేదు. విప్పాను. నల్లగా, జిగటగా, సాంబ్రాణి వాసనతో ఉంది. గాలి అందక నాచు అడుగుకు దిగి చస్తోంది.

నేను నోరు తెరవబోయాను. మెర్సీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అవ్వా, వీటికి సాలు. నా తల తడిగున్నది, జర నాకు వెయ్యి."

"గిన్నాళ్లకు అడిగినవా?" అంటూ నర్సవ్వ ఆమెను వరండాలోకి తీసుకుపోయింది. ఆ పొగ మళ్లీ గదిలోకి రాలేదు.

కొత్త ఫిల్టర్ వేసి, పంపుకు కిటికీ బయటి గాలి అందేలా గొట్టం పెట్టాను. రెండు సీసాలే పచ్చబడ్డాయి. మెర్సీ వాటితోనే మళ్లీ సముద్రానికి పోయింది.

అప్పటినుంచి ఎవరైనా కల్చర్ చచ్చిపోతోందని వస్తే, ఉప్పూ వెలుతురూ తర్వాత. ఆ గదిలో దాన్ని ప్రేమగా చూసుకునే వాళ్లు ఇంకెవరని ముందు అడిగేవాణ్ణి.