మగ్గం చెవుడు కాదది

మా మేనమామ మొన్న పోయాడు. కబురు తెలియగానే ధర్మవరంలో మా వీధి మగ్గాలన్నీ ఆపేశారు. గుండె ఆగిందని అందరూ అనుకున్నారు. ఆయన దగ్గరే నేత నేర్చుకుని, ఆయన పక్క మగ్గం మీదే బతుకుతున్నవాణ్ని నేను. ఆ గుండె ఊరికే ఆగలేదు.

చాలా ఏళ్ల కిందట తుంటి అరిగిపోతే బెంగళూరులో ఆపరేషన్ చేసి, లోహపు గిన్నెలో లోహపు గుండు బిగించారు. కింద కూర్చోవద్దని మరీ మరీ చెప్పి పంపారు. గుంతమగ్గం నేసేవాడు కింద కూర్చోకపోతే ఎట్లా? నొప్పి తగ్గగానే గుంతలో కాళ్లు పెట్టాడు. రోజంతా పలకలు తొక్కేవాడు. నేను పోగు తెంపి విసుక్కుంటే, పనాపి బీడీ ముట్టించి, "ముందు నీ కోపం ఆరనీ, ఆమీట ముడెయ్యి" అనేవాడు.

కొన్నేళ్లకు చెవులు మందగించాయి. మాకు అనుమానమే రాలేదు. మగ్గం చప్పుళ్లో పుట్టి పెరిగిన మాకు చెవుడు వింతా? మా వీధిలో పెద్దవాళ్లంతా అరిచే మాట్లాడతారు. ఏం కూర చేయాలో అత్త ఆయన చెవిలో అడిగితే వీధి చివరిదాకా తెలిసిపోయేది. ఆయాసం మొదలైతే వయసు మీద పడిందన్నాం.

ఆ ఆయాసానికే అనంతపురం తీసుకుపోతే, డాక్టరమ్మ తుంటి మీది మచ్చ చూసి రక్తపరీక్ష రాసింది. కీలు రాసుకుని రాసుకుని లోహపు పొడి రక్తంలో కలుస్తోందట. కోబాల్టు అంది. చెవుల్ని తిన్నదీ, గుండెను తింటున్నదీ అదేనట. కీలు వెంటనే మార్చాలంది.

మగ్గం మీద పడుగు ఉండగా మామ ఎన్నడూ ఊరు కదిలిన మనిషి కాదు. ఇంకొకరు నేస్తే చేతి తేడా చీరలో తెలుస్తుంది. ఇంకా రెండు చీరల పడుగు మిగిలుంది. పడుగు కోసేద్దాం మామా అని చెవిలో అరిచాను, పోట్లాడాను.

"ఇన్నేండ్లు నాలో ఉండాది ఈ ఇనుము. ఇంగో నెల ఉండనీరా," అన్నాడు.

ఆ నెలంతా నా ప్రాణం నా దగ్గర లేదు. ఆయన మగ్గం ఆగితే తిరిగి చూసేవాణ్ని. పోగును అటూ ఇటూ మోసే నాడె మళ్లీ కదిలితేగానీ నా చెయ్యి ఆడేది కాదు. చివరి చీర కోసి మడత పెట్టాడు. మర్నాటి బెంగళూరు ప్రయాణానికి అత్త సంచి సర్దింది. పొద్దున ఆయన లేవలేదు.

నేను తినే ప్రతి ముద్దా ఆయన నేర్పిన విద్యే. అయినా ఆయన మీద కోపం ఇంకా పోలేదు.

శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయిన మనిషిని చివరిసారి చెవిలో పిలిచి చూసే చోటు అది. ఆయన కొడుకు వంగి, "నాయనా" అని మెల్లగా పిలిచాడు.

"గట్టిగా పిలువప్పా. మామకు ఇనపడదు," అన్నాను.

వాడు చెవికి నోరు ఆనించి గొంతు చించుకుని పిలిచాడు. మేమందరం మామ మొహం వైపే చూస్తూ నిలబడ్డాం.