గేటు ముందు మూగ రీలు

యూనివర్సిటీలో కార్మికుల చరిత్ర దాచే గదికి నేను జ్ఞానం కోసం పోలేదు. జ్ఞానానికీ నాకూ ఏడో తరగతిలోనే తెగతెంపులైపోయాయి. పోయింది పగతో.

మా నాయిన మిల్లులో మగ్గాల షెడ్డు మనిషి. సమ్మెకు ముందు చాటుగా కమిటీ కట్టిన వాళ్ల పేర్లు, నాయినతో సహా, ఎవరో యాజమాన్యానికి చేరవేశారు. అందరి ఉద్యోగాలూ ఊడాయి, నాయినది తప్ప. దాంతో ద్రోహి అన్న పేరు ఆయనకు అంటుకుంది. ఆయన చనిపోయినప్పుడు పెట్టె మోయడానికి మిల్లువాళ్లు ఒక్కరూ రాలేదు. పాస్టరుగారే ఒక పక్క భుజం పెట్టారు.

పేర్లు చెప్పింది యూనియన్ లీడరేనని నాయిన అనుమానం. ఆయన నుంచి నాకు వారసత్వంగా వచ్చిన ఆస్తి అదొక్కటే. లీడరుకు మాత్రం మేడే వస్తే సన్మానమే. ఆయన శాలువాలన్నీ కలిపి కుడితే ఖిలా వరంగల్ కోట గోడకు చలికాలం కప్పొచ్చు. అలాంటాయన ఆ రోజుల నాటి గేటు మీటింగు రీలు ఒకటి యూనివర్సిటీకి ఇచ్చాడని తెలిసింది. చూద్దామని పోయాను.

“పెన్ను బయట పెట్టాలె అన్నా. లోపల పెన్సిలే,” అంది అక్కడి మేడం.

“నాకు రెండిట్ల ఏదీ రాదు మేడం, ఫికర్ చెయ్యకుండ్రి.”

కంప్యూటర్లో రీలు వేసింది. బొమ్మే, శబ్దం లేదు. లీడరు పిడికిలి ఎత్తి ఉపన్యసించాడు. దిగాడు. మేనేజరు కారు దగ్గరికి పోయి అతని చెవిలో ఏదో అన్నాడు. ముఖం కెమెరా వైపే ఉంది.

మగ్గాల షెడ్డులో రొదకు పక్కవాడి మాట వినపడదు. అందుకే అక్కడివాళ్లు పెదాలు చూసి మాట్లాడుకునేవారు. ఆ రొదకే నాయిన చెవులు పోయాయి; మిల్లులో చెవిటోడంటే ఆయనే. ఇక ఇంట్లోనూ అదే భాష. మా ఇంట్లో తిట్లు కూడా చప్పుడు లేకుండానే తగిలేవి. లీడరేమో ఆఫీసు గుమాస్తా, షెడ్డులో కాలు పెట్టినవాడు కాదు. మూగ రీలు కదా, ఏం చెబుతుందిలే అనుకున్నాడు.

నాకు చెప్పింది. “చెవిటోన్ని ముట్టుకోకుండ్రి సార్. అనుమానం వానిమీదికే పోతది.”

మేడంతో చెప్పాను. ఆమె నమ్మింది, కానీ రికార్డులో రాయలేదు. “మీ ఒక్కరి మాట చాలదు అన్నా. ఇంకో ఇద్దరు చూడాలె. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెల్వొద్దు.”

మా వాడలోని ముసలి నేతగాళ్లను ఒకరి తర్వాత ఒకరిని తీసుకుపోయాను. ముందుగా ఏమీ చెప్పలేదు. మొదటాయన అవే మాటలు పలికాడు. రెండో ఆయన, మా అమ్మను వాడ నల్లా దగ్గర నీళ్లు పట్టుకోనివ్వని కాకా. చూశాడు, అవే మాటలు చెప్పాడు. నా వైపు తిరిగాడు.

“మీ నాయిన సమాధి యాడుంది బిడ్డా?”

“ఇన్నేండ్లు యాడుందో గాడనే ఉంది కాకా. నడిచిపోలే.”

మేడం మా ముగ్గురి గొంతులూ రికార్డు చేసి, ఆ మాటలను రీలు కింద అక్షరాలుగా వేయించింది. ఇచ్చినవారికి చెప్పడం పద్ధతి అంటూ లీడరుకు ఫోన్ చేసింది. ఆయన వచ్చే రోజు తెలుసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండా బెంచీ మీద కూర్చున్నాను.

ఆయన కర్ర పట్టుకుని లోపలికి పోయాడు. బయటికి వచ్చేసరికి ఇంకా ముసలివాడయ్యాడు. లోపల నా గొంతూ పేరూ విన్నట్టున్నాడు, నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

“గప్పటి పరిస్థితులు ఏరు బిడ్డా. గా రీలు నాది. వాపస్ ఇయ్యుమంటె ఇస్తలేరు.”

“దానం జేసి మల్ల అడుగుతవా తాతా? పెద్దమనిషివి, మంచిగుండదు.”

“నీ కాళ్లు మొక్కుత. జర తీసేయించు.”

ఆ మాట వింటే జాలి కలుగుతుందేమోనని ఎన్నో ఏళ్లు భయపడ్డాను. కలగలేదు.

“మా నాయినకు షెడ్డుల ఫ్యాన్ గూడ లేకుండె. నీ మాటకు ఏసీ రూము ఇచ్చిన్రు. మనిద్దరం పోయినంక గూడ సల్లగ ఉంటది, ఫికర్ జెయ్యకు.”

మెట్ల దగ్గర ఆయన చెయ్యి చాచాడు, పట్టుకుని దించమని. పట్టుకున్నాను. కిందికి మాత్రం దించలేదు. మెల్లగా వెనక్కి తిప్పి లోపలికి నడిపించాను.

“మేడం, తాత ఇంకోపారి చూస్తడట.”