నవోమి నేర్చిన బస్సు స్పానిష్

క్విటోలో మొదటిరోజు ఉదయం నవోమి బూట్ల లేసులు బిగించుకుంటుంటే, భర్త సుందర్ రాజ్ దుప్పట్లోంచి తల కూడా బయటికి పెట్టలేదు.

"తల పగిలిపోతోంది నవోమీ. ఇవాళ రెస్ట్ తీసుకుందాం."

ఈక్వడార్ రాజధాని అది. కొండల మధ్య, తొమ్మిదివేల అడుగుల పైన ఉన్న ఊరు. టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి ముందురోజు సాయంత్రం దిగిన వాళ్లకి అక్కడి గాలి చాలీచాలనట్టుగా ఉంది.

"మీరు పడుకోండి. నేను ఆ పెద్ద చర్చి చూసొస్తాను."

"ఒక్కదానివేనా? ఊరు తెలీదు, భాష రాదు..."

"భాష వచ్చండీ నాకు," అంది నవోమి, బ్యాగు భుజాన వేసుకుంటూ.

నిజంగానే వచ్చు. అది ఎక్కడ నేర్చిందన్నదే అసలు సంగతి.

నర్సాపురం నుంచి పెళ్లయి వచ్చాక ఆమె పదకొండేళ్లు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉండిపోయింది. వర్క్ పర్మిట్ చేతికి రాగానే తెలుగు చర్చిలో అందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయమన్నారు. ఆమె కూడా అదే అనుకుంది. కోర్సులో చేరడానికి వెళ్తుంటే దారిలో ఒక డిపో ముందు బ్యానర్ కనబడింది: స్కూల్ బస్సు డ్రైవర్లు కావలెను, శిక్షణ మేమే ఇస్తాం. కారు అటే తిప్పింది.

"బస్సు తోలుతున్నావంట కదమ్మా?" అని శిక్షణ అయ్యాక ఒక ఆదివారం చర్చిలో ఒక పెద్దావిడ గొంతు తగ్గించి అడిగింది, ఏదో పరామర్శకి వచ్చినట్టు.

"తోలుతున్నానండీ. నలభై అడుగుల బస్సు. రివర్స్ కూడా చేస్తాను," అంది నవోమి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.

ఆమె రూట్లో ఎక్కే పిల్లల్లో సగం మందిది ఇంట్లో స్పానిష్ మాట్లాడే కుటుంబం. ఆగస్టులో బడి తెరవగానే ఐదేళ్ల పిల్లలు అమ్మల్ని వదల్లేక మెట్టు మీదే ఏడుపు లంకించుకునేవారు. వాళ్ల కోసం ఒక్కో మాటా నేర్చుకుంది. కూర్చో. మెల్లగా. ఏడవకు. నన్ను చూడు. ఇంకొంచెమే బంగారం. ఏడేళ్లలో ఆ మాటలు నాలుక మీద బాగా ఆడాయి. స్పానిష్‌లోనూ మనకున్నట్టే 'నువ్వు', 'మీరు' వేరువేరు. నవోమికి వచ్చింది 'నువ్వు' ఒక్కటే. పసిపిల్లల్ని ఎవరు మీరంటారు?

అందుకే టాక్సీ మలుపులో వేగంగా తిరిగినప్పుడు, నెరిసిన మీసాల డ్రైవర్‌ని "దెస్పాసియో, మి అమోర్" అంది. మెల్లగా బంగారం అని. అతను అద్దంలోంచి ఆమెని చూసి పగలబడి నవ్వాడు. నవ్వినా బండి మాత్రం మెల్లగానే నడిపాడు.

ఆ చర్చి గోడల మీద, యూరప్‌లో పాత చర్చిలకుండే రాతి భూతాల బదులు, ఉడుములూ తాబేళ్లూ చెక్కి ఉన్నాయి. నవోమి వాటిని చూస్తూ మెట్లెక్కింది. పది మెట్లకోసారి ఆగి ఊపిరి తీసుకుంది. పైన, చర్చి లోపలి కప్పు మీదుగా, ఒక చెక్క వంతెన ఉంది. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. రెండువైపులా తాళ్లు. అది దాటితేనే గోపురంలోకి నిచ్చెనలు.

వంతెన మధ్యలో అరవై దాటిన ఒకావిడ కొయ్యబారిపోయి నిలబడింది. గోపురం నుంచి తిరిగొస్తూ కిందికి చూసినట్టుంది. వెనకాల కూతురు బతిమాలుతోంది. ఆవిడ తాళ్లు వదలడం లేదు. ఇవతల నవోమి వెనక ఎనిమిదిమంది ఆగిపోయారు.

నవోమి చెక్కల మీదికి నడిచి, ఆవిడకి రెండడుగుల దూరంలో ఆగింది.

"మీరమే," అంది. నన్ను చూడు.

ఆవిడ తలెత్తింది.

"నో యోరెస్, మి అమోర్." ఏడవకు బంగారం.

ఆవిడేమీ ఏడవడం లేదు. భయపడుతున్న మొహంలోకి ముందు ఆశ్చర్యం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఒక చెయ్యి తాడు వదిలింది. నవోమి దాన్ని పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, ఇంకొంచెమే ఇంకొంచెమే అంటూ ఇవతలి ఒడ్డుకి తీసుకొచ్చింది. లైన్లో వాళ్లు చప్పట్లు కొట్టారు.

కూతురు నవ్వు ఆపుకోలేక ఇంగ్లీషులో చెప్పింది: "మా అమ్మ గ్లాడిస్ ముప్పై ఏళ్లు జడ్జిగా చేశారు. ఆవిడని బంగారం అన్నవాళ్లు మీరొక్కరే!"

నవోమి నాలిక కరుచుకుంది. అరక్షణమే. "నేను స్కూల్ బస్సు డ్రైవర్ని. బస్సెక్కాక అందరూ నాకు ఒకటే," అంది. కూతురు ఆ మాట స్పానిష్‌లో చెప్పగానే గ్లాడిస్ ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టింది.

నవోమి మళ్లీ వంతెన దాటి, నిచ్చెనలెక్కి, గోపురం అంచున నిలబడింది. ఎర్రపెంకుల ఇళ్లు కొండవాలంతా ఎక్కిపోతున్నాయి. ఊపిరి ఆడటం లేదు గానీ ఒళ్లంతా తేలిగ్గా ఉంది. తన బస్సు ఇక్కడి వీధుల్లో పడుతుందా అని కాసేపు చూసింది. మూడో మలుపు దగ్గర కష్టం. తక్కినదంతా తిప్పేయొచ్చు.

కిందికి దిగేసరికి తల్లీకూతుళ్లు ఆమె కోసమే ఆగి ఉన్నారు. భోజనానికి రమ్మన్నారు. నవోమి హోటల్‌కి ఫోన్ చేసింది.

"ఏవండీ, తలనొప్పి ఎలా ఉంది? తగ్గిందా? అయితే టాక్సీ ఎక్కి వచ్చేయండి. జడ్జిగారితో లంచ్."

"ఏ జడ్జిగారు? నవోమీ, ఏం చేశావ్?"

సుందర్ రాజ్ పావుగంటలో వచ్చి పడ్డాడు, చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుని. చర్చి పక్కనున్న చిన్న భోజనశాలలో బంగాళాదుంపల సూప్ మీద చీజూ అవకాడో వేసి తెచ్చారు. రెండు గిన్నెలు తాగాక అతని మొహంలోకి రంగొచ్చింది. మధ్యాహ్నం వాన మొదలయ్యేదాకా గ్లాడిస్ వాళ్లని పాత పట్నమంతా తిప్పింది. ముందు ఆవిడా నవోమీ చేతులు పట్టుకుని నడుస్తుంటే, వెనకాల అతను ఫొటోలు తీసుకుంటూ వచ్చాడు.