చేపనూనె రాసిన టైపు మిషను

ఆ రోజుల్లో ప్రభుత్వం కొత్త కొత్త శాఖలు పెడుతోంది. శాఖకో మంత్రి, ఆ మంత్రి తాలూకు ఆఫీసు ప్రతి జిల్లాలో, ఆఫీసు నిండా ఖాళీ కుర్చీలు. వాటిలో ఒకటి నాకోసమే చేయించారని నా గట్టి నమ్మకం. కారణం నా ప్రతిభ కాదు. నాకు సముద్రం పడదు. కళింగపట్నంలో తరతరాలుగా చేపల వేట చేసిన ఇంట్లో పుట్టి, పడవెక్కితే మొదటి కెరటం దాటకముందే కక్కుకునేవాణ్ణి. పేటంతా నవ్వేది. ఉద్యోగం రాకపోతే నాకు మిగిలేది మళ్లీ ఆ పడవే.

టైపిస్టు పోస్టులకి పరీక్ష శ్రీకాకుళంలో. ఎవరి మిషను వాళ్లే తెచ్చుకోవాలి. నేను టైపు నేర్చుకున్నచోట ఒకటి అద్దెకు తీసుకుని ముందుగానే ఇంటికి మోసుకొచ్చాను. సాధనకని చెప్పాను గానీ, అసలు సంగతి పేటలో చూపించుకోడానికి. జనం గుమ్మంలో మూగితే వాళ్లని చూడనట్టు నటిస్తూ ఇంకా జోరుగా కొట్టేవాణ్ణి.

మా అయ్య మిషను చుట్టూ తిరిగి చూశాడు. "ఉప్పుగాలి ఇనుముని తినీస్తాది. నూని రాయాల," అన్నాడు.

మా ఇంట్లో నూనె అంటే పడవ చెక్కలకు రాసే చేపనూనె. గాలాలకూ కత్తులకూ కూడా అదే. ఆరితే అది జిగురులా బిగుస్తుందని మా పేటలో ఎవరినడిగినా చెబుతారు, పడవకి రాసేదే అందుకు. చదువుకున్నవాణ్ణి, నాకా ముక్క తట్టలేదు. పైగా "కీల కిందకి కూడా పొయ్యయ్యా" అని దగ్గరుండి పోయించాను.

పరీక్ష హాల్లో ఆఫీసరుగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎవరయ్యా చేపలకూర క్యారేజీ తెరిచింది?" అన్నారు. అందరితోపాటు నేనూ వెనక్కి తిరిగి చూశాను. గంట కొట్టారు. నేను కొట్టిన మొదటి అక్షరం పైకి లేచి మరి కిందకి దిగలేదు. రెండోది వెళ్లి దాన్ని కరుచుకుంది. ఒక చేత్తో కొడుతూ రెండో చేత్తో వాటిని విడదీస్తూ సగం వాక్యం పూర్తి చేశాను. ఆఫీసరుగారు నా కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "కబురు చేస్తాంలే" అన్నారు. రాదని అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి అయ్య ఒడ్డున వల బాగు చేసుకుంటున్నాడు. "ఏటైనాది?" అన్నాడు.

"నీ నూని వల్లే పోనాది," అని అరిచాను. కీల కిందకి పోయించింది ఎవరో అప్పుడు నాకు గుర్తు లేదు. "రేపట్నించి నానూ పడవకొస్తాను."

"నాను తీసుకెల్లను. ఇంకో ఆపీసు పెడతారు, దానికెల్లు."

"పేటోలు నవ్వుతారయ్యా."

"నవ్వనీరా. మీ తాత ఆ నీల్లల్లోనే పోనాడు. మా యన్న పోనాడు. నువ్వు పడవలో కక్కుకున్న రోజున నాను గంగమ్మకి కోడిని కోసినాను, ఈడొక్కడైనా నాకు మిగులుతాడని."

ఆ కోడికూర నాకు బాగా గుర్తుంది. ఎందుకు కోశారని కూడా అడక్కుండా, వడ్డించినంతా తిన్నాను. అయ్య పక్కన ఇసకలో కూచుని ఏడ్చాను.