పదకొండు నెలల కాయితం

జనగామ స్టేషన్ రోడ్డులో, మందుల దుకాణం మీది అంతస్తులో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచి ఆఫీసు ఉంది. అక్కడ లెక్కలు రాసే మెహనాజ్‌ను మూడు జిల్లాల్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, "లెక్కల మేడం" అంటారు. ఏ ఊళ్లో కంపెనీ గోదాము ఎవరి జాగాలో ఉంది, ఆ ఇంటి పెద్దకొడుకు ఎవరు, ఏ రేకుల షెడ్డు వానకు కారుతుంది, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఆమె కళ్లముందే నలుగురు మేనేజర్లు మారారు. ఆమె మాత్రం కిటికీ పక్కన అదే బల్ల దగ్గర కూర్చుంది. ఇంత చేసినా పర్మనెంటు కాదు. పదకొండు నెలలకోసారి ఒక కాయితం మీద సంతకం పెట్టించుకుంటారు, అది తీరితే ఇంకొకటి. అట్లా పది కాయితాలయ్యాయి. పదో కాయితం గడువు 2019 మే తొమ్మిదో తారీఖున తీరుతుంది.

భర్త అక్తర్ కూలర్లు బాగుచేస్తాడు. ఎండాకాలం నాలుగు నెలలు అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు, మిగతా ఎనిమిది నెలలు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో పొయ్యి వెలిగేది మెహనాజ్ జీతంతోనే. కూతురు కహ్కషాన్ ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరాల్సి ఉంది. కాబట్టి మే తొమ్మిది దగ్గరపడుతుంటే ఆమెకు నిద్ర సరిగా పట్టకపోవడంలో వింతేమీ లేదు. ఏటా ఇదే వరస.

ఆ ఏడు దానికి తోడు ఇంకో పీడ వచ్చిపడింది. ఏప్రిల్ రెండో వారంలో హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి మెయిలు వచ్చింది. అద్దెల లెక్కకు కొత్త పద్ధతి వచ్చిందట. అంతవరకూ గోదాము అద్దె ఏ నెలది ఆ నెల కట్టి ఖర్చు కింద రాసేస్తే పని అయిపోయేది. ఇకమీదట అట్లా కుదరదు. ఆ గోదాములో కంపెనీ ఎన్నేళ్లు ఉండబోతుందో అన్నేళ్ల అద్దెకూ నేటి విలువ కట్టి అప్పుగా చూపాలి, అన్నేళ్లు దాన్ని వాడుకునే హక్కును ఆస్తిగా చూపాలి. ఏడాదిలోపు ముగిసిపోయే అద్దెలకు మాత్రం ఈ తిప్పలు లేవు. ప్రతి బ్రాంచీ తన అద్దె కాయితాలన్నీ బయటికి తీసి, ఒక్కోదాని ఎదురుగా "నిజంగా ఎంతకాలం ఉంటాం" అన్నది నింపి, తయారుచేసినవారు సంతకం పెట్టి పంపాలి.

జనగామ బ్రాంచి కింద ఇరవై మూడు కాయితాలున్నాయి. ఇరవై మూడింటి మీదా పదకొండు నెలలే. మన దగ్గర అంతే కదా. ఏడాదికి రాస్తే రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి ఖర్చు, దాని చుట్టూ తిరుగుడు. అందుకని ఇల్లయినా దుకాణమైనా గోదామైనా పదకొండు నెలలకే రాసుకుంటారు. కాయితం మీద పదకొండు నెలలు, మాట మీద పదేళ్లు. ఊరందరికీ తెలిసిన అబద్ధం, ఎవరూ తప్పుపట్టని అబద్ధం.

మేనేజర్ పురుషోత్తంకు ఆ మెయిలు చూసి ప్రాణం లేచొచ్చింది. "మన పని అల్కగ అయిపోయింది మెహనాజమ్మా. అన్నిటి ఎదురుంగ పదకొండు నెలలని కొట్టు, సంతకం పెట్టు, పంపియ్" అన్నాడు. అప్పులు ఎక్కువ కనబడితే పెద్దసార్లకు గిట్టదని, ఏ బ్రాంచి నుంచీ పొడుగు అద్దెలు రాకుండా చూడమని జోనల్ మేనేజర్ ముందే ఆయన చెవిలో వేశాడు. పురుషోత్తం కోరుకుంటున్న వరంగల్ బదిలీ ఆ జోనల్ మేనేజర్ చేతుల్లోనే ఉంది.

మెహనాజ్ షీటు తెరిచి కూర్చుంది. తరిగొప్పుల గోదాములో ఉన్నవి బస్తాలే, రేపు ఖాళీ చెయ్యమంటే రెండు లారీల పని. పదకొండు నెలలని కొట్టింది. భూపాలపల్లిలో రెండు గదుల ఆఫీసు, ఓనరు ఇల్లు కూలగొట్టి కొత్తది కడతానంటున్నాడు. అదీ పదకొండు నెలలే. అట్లా ఇరవై రెండు వరుసలు గంటలో నిండాయి. ఇరవై మూడోది కురవి. అక్కడ ఆమె చెయ్యి ఆగింది.

కురవి దగ్గర రోడ్డు పక్కన, తండాలో ఉండే ద్వాళి అనే ఆమె జాగా ఉంది. అందులో కంపెనీ మక్క కంకులు ఆరబెట్టే పెద్ద డ్రయ్యర్ దింపింది. మామూలు మిషన్ కాదది, లోపలికి లారీ పోయేంత ఉంటుంది. జాగా ఇచ్చిన రోజుల్లో ద్వాళి భర్త హీర్యా బతికే ఉన్నాడు. "మీ పిల్లలు స్థిరపడేదాంక కదలం" అని అప్పటి మేనేజర్ ఆయనకు మాటిచ్చాడు. మాట ఇచ్చినాయనా లేడు, పుచ్చుకున్నాయనా లేడు. డ్రయ్యర్ ఉంది. ద్వాళి కొడుకు హరీశ్ దాని మీదే పనిచేస్తాడు.

"సార్, కురవిది ఎట్ల రాద్దాం? అండ్ల డ్రయ్యర్ ఉన్నది గద" అని మెహనాజ్ అడిగింది.

"డ్రయ్యర్ ఉంటే ఏంది? కాయితంల ఎంతున్నది?"

"పదకొండు నెలలు."

"మరింకేంది?" పురుషోత్తం గొంతు తగ్గించాడు. "నీ కాయితం గూడ నా బల్ల మీదనే ఉన్నది. తొమ్మిదో తారీఖు దగ్గరికొచ్చె. జర సోంచాయించుకో."

బెదిరించినట్టు అనలేదు, క్షేమం కోరినట్టే అన్నాడు. మెహనాజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సాయంత్రం అక్తర్‌కు చెప్పింది. ఇంట్లో వాళ్ల మాట దక్కనీ ఉర్దూలోనే. ఆయన కూలర్ మోటారు విప్పుతూ, ఎవడి గోదాము ఎన్నేళ్లుంటే మనకేమిటి, రాసి పారెయ్యి, అన్నాడు. మంచి మాటే. కానీ ఆ సంతకం ఆమెది. రేపు ఎవరైనా వేలు పెట్టి అడిగితే, చిన్న ఉద్యోగి పొరపాటు చేసిందని పురుషోత్తమే ముందు అంటాడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. పదకొండు నెలలని రాస్తే ఆ తప్పు మెడకు చుట్టుకుంటుంది, రాయకపోతే తొమ్మిదో తారీఖున నోటికాడి బుక్క పోతుంది. ఇంకో భయం కూడా ఉంది. పదేళ్లని రాస్తే, ఈ అప్పు మాకెందుకని పెద్దసార్లు ఆ జాగానే వదిలేస్తే? అప్పుడు ద్వాళి ముఖం ఎట్లా చూసేది?

ఆమె ఆ వరుస ఖాళీగా వదిలి షీటు పంపింది. సంతకం పెట్టలేదు. పురుషోత్తం మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మే ఏడున రంజాన్ మొదలైంది. ఎనిమిదిన ఆడిటరు వచ్చాడు. పేరు డేవిడ్, హైదరాబాదు మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఇంత పెద్ద మిషన్ ఉన్న జాగాను కళ్లతో చూడాలన్నాడు. ముగ్గురూ కారులో కురవి బయల్దేరారు. పురుషోత్తం దారి పొడుగునా ఎండల గురించి, కురవి గుడిలోని వీరభద్రస్వామి మహిమల గురించి ఆగకుండా మాట్లాడాడు. అంతకుముందు రోజే ఆయన ఒక్కడే కురవి వెళ్లొచ్చాడని డ్రైవరు మెహనాజ్‌కు చెప్పాడు. ఎందుకు పోయాడో ఆమె అడగలేదు, అడగనక్కర్లేదు.

ద్వాళి షెడ్డు ముందే నిలబడి ఉంది. ముగ్గురికీ చెంబుతో నీళ్లిచ్చింది. మెహనాజ్ రోజా ఉపవాసంలో ఉన్నానని చేత్తో ఆపింది. నాలుక పిడచకట్టి ఉంది, అది దాహం వల్లో భయం వల్లో ఆమెకే తెలియలేదు.

డేవిడ్ డ్రయ్యర్ చుట్టూ తిరిగి, పునాది బోల్టులు చూసి, ఫోటోలు తీసి వచ్చి అడిగాడు. "అమ్మా, ఈ జాగా కంపెనీకి ఎన్ని నెలలకు ఇచ్చారు?"

"పదకొండు నెలలకు సార్" అంది ద్వాళి, బళ్లో ఎక్కాలు ఒప్పజెప్పినట్టు. పురుషోత్తం రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అది ఎప్పుడు అయిపోతుంది?"

ఈ ప్రశ్న నేర్పలేదు. ద్వాళి పురుషోత్తం వైపు చూసింది, ఆయన డ్రయ్యర్ వైపు చూశాడు. ఇక ఆమె తనకు తెలిసిందే చెప్పింది. "అయిపోవుడేంది సార్? పదకొండు నెలలకోపారి కాయితం తెస్తరు, నేను ఏలిముద్ర ఏస్త. గీ మిషన్ యాడికి పోతది? దీని పునాదికే మా బాయంత లోతు తవ్విండ్రు!"

పురుషోత్తం అందుకున్నాడు. "ఆమెకేం తెల్వదు సార్. కాయితం ప్రకారం ఎవరైనా ఎప్పుడైనా..."

"మీరు ఉండండి" అని డేవిడ్ ఫైలు తిప్పి మెహనాజ్ ముందు పెట్టాడు. "ఇరవై రెండు వరుసలు నింపారు. ఇదొక్కటే ఖాళీ. ఎందుకు మేడం?"

ఆమె కాయితానికి ఇంకా ఒకే ఒక్క రోజు ఉంది గడువు. మరిచిపోయానంటే చాలు, పురుషోత్తం కళ్లు ఆ మాటే అనమని బతిమాలుతున్నాయి. తర్వాత ఏనాడో ఆమె చెప్పుకుంది, ఆ క్షణంలో ధైర్యం వచ్చి మాట్లాడలేదట, తొమ్మిదేళ్ల నుంచి తప్పులేకుండా లెక్క చెప్పిన నోటికి తప్పుడు లెక్క రాలేదట.

"కంపెనీ మిషన్ల లిస్టుల ఈ డ్రయ్యర్‌కు పదిహేనేండ్ల ఆయుష్షు రాసుకున్నం సార్. నేనే రాసిన. ఐదేండ్లు గడిచినయ్, ఇంక పదేండ్లున్నది. మిషన్‌కు పదేండ్లు రాసి, అది నిలవడ్డ నేలకు పదకొండు నెలలని ఎట్ల రాయాలె?"

డేవిడ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇదే నేను హెడ్డాఫీసులో అడగాల్సింది" అన్నాడు. కాయితం ఎంతకు రాసుకున్నా, ఇక్కడి నుంచి లేస్తే కంపెనీ ఈ డ్రయ్యర్‌ను పగలగొట్టుకుని పోవాలి, అంత నష్టానికి ఎవరూ లేవరు, కాబట్టి ఇది పదేళ్ల అద్దే అని పురుషోత్తంకు విడమరిచి చెప్పాడు.

కారెక్కబోతుంటే ద్వాళి మెహనాజ్ కొంగు పట్టుకుంది. "బిడ్డా, నేను తప్పు చెప్పిన్నా? మమ్ముల ఇడిసిపెట్టి పోతరా?"

"తప్పు నువ్వు చెప్పలే అక్కా" అంది మెహనాజ్. "మిమ్ముల ఇడిసి పోరు" అని మాత్రం అనలేకపోయింది. తిరుగు ప్రయాణంలో పురుషోత్తం వీరభద్రస్వామి ఊసెత్తలేదు.

తొమ్మిదో తారీఖు గడిచింది. ఆయన ఆమెను పిలవలేదు. బల్ల మీద కాయితం కూడా కనిపించలేదు. పదోనాడు శుక్రవారం. రెండు కాయితాల నడుమ ఒక్క రోజు ఖాళీ వదలడం కంపెనీ ఆనవాయితీ, తెంపు లేకుండా పనిచేశానని ఎవరూ రేపు హక్కు అడగకూడదని. ఆ రోజు మెహనాజ్ కంపెనీ మనిషి కాదు. అయినా తొమ్మిదేళ్లుగా అలవాటైనట్టే పొద్దున వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈసారి కాయితం రాదని మనసులో గట్టిగా అనుకుంది, ఇంట్లో ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకుంది.

పదకొండింటికి హెడ్డాఫీసు మెయిలు వచ్చింది. కురవిని పదేళ్లుగా లెక్కగట్టాలి. ఎట్లాగూ పదేళ్లు చూపుతున్నాం గనుక ద్వాళితో పదేళ్లకే కాయితం రాసుకుని మహబూబాబాద్‌లో రిజిస్ట్రేషన్ చేయించాలి. ఇకమీదట మూడు నెలలకోసారి ఈ షీటును సరిచూడాలి, అది తయారుచేసినామే చూడాలి. మెహనాజ్ ఖాళీ వరుసలో పదేళ్లు అని నింపింది. ద్వాళికి ఫోన్ చేసి చెప్పింది. అటువైపు కాసేపు ఏడుపే వినిపించింది.

తర్వాత పురుషోత్తం పిలిచాడు. బల్ల మీద కాయితం ఉంది. "పైనుంచి ఫోనొచ్చింది. షీటు నువ్వే చూడాల్నట. సంతకం పెట్టమ్మా."

ఆమెకు ముందు ఊపిరి వచ్చింది. అల్లాకు మనసులోనే కృతజ్ఞత చెప్పుకుంది. ఆ తర్వాత కాయితం చదివింది. పదకొండు నెలలు.

"సార్" అంది నెమ్మదిగా, "కాయితంల పదకొండు నెలలున్నా, నిజంగ ఎన్నేండ్లుంటరో గదే రాయాల్నంటిరి గద. నాది గూడ గట్లనే రాయరాదు?"

పురుషోత్తంకు కోపం రాలేదు. జాలిగా కూడా చూశాడు. "అది గోదాములకమ్మా. మనుషులకు గాదు."

నిజమే చెప్పాడు పాపం. ఆ కొత్త పద్ధతి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వెతికినా మనిషి సంగతి ఎక్కడా ఉండదు. సిమెంటు నేలకు పదేళ్లు రాసిన చేతికి అవే పదకొండు నెలలు. మెహనాజ్‌కు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇల్లు గుర్తొచ్చింది, కహ్కషాన్ కాలేజీ గుర్తొచ్చింది. పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. సంతకం కింద, అచ్చులో లేని చోట, గుండ్రటి అక్షరాలతో ఒక వరుస రాసింది: "2010 మార్చి ఒకటి నుంచి పనిచేస్తున్నాను. ఒక్క రోజు కూడా ఆగలేదు."

పురుషోత్తం అది చదివాడు. "ఇది రాసేది కాదమ్మా" అన్నాడు.

"నిజమే రాసిన సార్."

ఆయన ఇంకో కాయితం తీద్దామని సొరుగు తెరిచాడు. ఆమె రాసిన వరుస ఇంకోసారి చదివి, సొరుగు మళ్లీ మూశాడు. ఆ రాత మీద పడకుండా కాయితం కొంచెం పక్కకు జరిపి ముద్ర కొట్టాడు.