రాలని పువ్వు

మొన్న శ్రీకాకుళంలో మనవరాలికి తట్టు టీకా వేయించుకుని వస్తుంటే, ఆటోలో కోడలు ఫోను చూసుకుంటూ, ఈ రోజుల్లో తట్టు ఎవరికొస్తుంది అత్తయ్యా అని తేలిగ్గా అనేసింది. నాకు మాత్రం మా నానమ్మ గుర్తొచ్చింది. నా వయసు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మన చిన్నప్పుడు ఒంటి మీద ఎర్రగా పేలితే దాన్ని జబ్బనేవారు కాదు, అమ్మవారు పోసిందనేవారు, ఇంట్లో తాలింపు మానేసి, గుమ్మానికి వేపమండలు కట్టి, మందు మాటెత్తితే ఆవిడకు కోపమొస్తుందని నోరు మూసుకునేవారు.

చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో ఊరమ్మ గుడి సేవ మా నానమ్మది. ఎవరికే సందేహం వచ్చినా విగ్రహం నెత్తిన తడి పువ్వు పెట్టి అడిగేది. కుడివైపు రాలితే అమ్మ సరేనన్నట్టు, రాలకపోతే వద్దన్నట్టు. పెట్టిన పువ్వును చేత్తో ముట్టుకుంటే వంశానికే అరిష్టమనేవారు. ఆ పువ్వు మాట మీద పెళ్లిళ్లు ఆగిపోయాయి, నూతులు తవ్వకుండా వదిలేశారు.

అలాంటి ఇంట్లో మా చెల్లికి, నాలుగేళ్ల పిల్లకి, తట్టు పోసింది. తగ్గుముఖం పట్టిందనుకునేసరికి ఆయాసం పట్టుకుంది, డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తుంటే పాలు కూడా దిగడం లేదు. నాన్న విజయనగరం ఆసుపత్రికి తీసుకెళదామన్నాడు, అమ్మ ఏడుస్తూ అత్తగారి ముఖం చూసింది. నానమ్మ పిల్లను భుజాన వేసుకుని గుడికి నడిచింది, వెనక మేమూ వెళ్లాం.

పువ్వు పెట్టింది. రాలలేదు. జనం పోగయ్యారు, ఎండ గుడి మెట్ల మీదికి వచ్చేసింది, నానమ్మ బతిమాలింది, మొక్కింది, చివరికి తిట్టింది కూడా, అయినా పువ్వు కదల్లేదు. చెల్లి పెదాలు నీలంగా మారడం చూసి నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. ఆ దేవత మీద ఆ రోజు వచ్చిన కోపం ఇప్పుడు రాస్తున్నా వస్తోంది.

అప్పుడు నానమ్మ లేచి, అందరూ చూస్తుండగా, ఆ పువ్వును తన చేత్తో తీసి కుడివైపు పెట్టేసింది. ఊరి పెద్ద ఒకాయన అది తప్పు కాదా అని అడ్డొచ్చాడు.

"తప్పే. తట్టు దించి, అమ్మ సగం సేసి ఒగ్గేసినాది. మిగతాది సెయ్యమనే కదా నాకు సేతులిచ్చినాది," అంది నానమ్మ. నాన్నవైపు తిరిగి, "ఒరే, బండి కట్టు," అంది.

చెల్లి బతికింది. నానమ్మ మాత్రం మళ్లీ ఆ గుడి గడప తొక్కలేదు. సేవ తోడికోడలికి అప్పగించేసి, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, గొడ్డు పోయినా, అది తన చేతి పాపమేనని నమ్ముతూ బతికింది. అంత నమ్మికలోనూ ఆ పని చెయ్యకుండా ఉండాల్సిందని మాత్రం ఒక్కసారీ అనలేదు.

ఇప్పుడు ఒంట్లో బాగోకపోతే ఎవర్నీ అడగక్కర్లేదు, అది మంచిదే, వెయ్యిసార్లు మంచిదే. ఆపరేషనుకు ముందు దేవుడికి దండం పెట్టుకుంటాం, అయ్యాక డాక్టరుకి పెట్టుకుంటాం, ఇద్దరికీ పేచీ రాదు. నానమ్మకు ఆ సుళువు లేకపోయింది. తనను క్షమించదని తెలిసిన తల్లిని కాదని మనవరాలిని ఎత్తుకుంది. మాకు అంత నమ్మకమూ లేదు, అంత ధైర్యం అవసరమూ పడలేదు.