ఖాళీ డబ్బాకి ముద్ర

“‘బొమ్మ’ అన్నాది బాబూ ఫోను. ఇంకేటీ సెప్పనేదు. మా ఆయన పేణం ఆ బొమ్మలో కూకుందని నాకెలా తెలుత్తాది?”

దయమ్మ పిన్ని జీడిపప్పు చాట ముందు పెట్టుకుని చెబుతోంది. పూండి దగ్గర ఊరు. పుట్టుకతోనే చూపు లేదు. పలాస కార్ఖానాలో ఇరవై రెండేళ్లు పప్పు ఏరింది. విడని గుండు పప్పులో ఒక్క బద్ద కలిసినా ఆమె వేళ్లు పట్టేసేవట.

భర్త వరప్రసాదుకి మూత్రపిండాలు పాడై మూడేళ్లు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, టెక్కలిలో ఒక ట్రస్టువాళ్ల కేంద్రంలో డయాలసిస్. ఎవరి వంతు ఏ పూటో వాళ్ల వెబ్‌సైటులో పెడతారు. ఆయనకు కళ్లున్నాయి, చదువు లేదు. ఆమెకు చదువుంది, కళ్లు లేవు. అక్షరాలను పైకి చదివే ఫోను ఆమెది. ఆ ఇంట్లో వంతు చూసేది ఆమే.

ఈ వారమే సైటు కొత్తది వేశారు. “పేరు సదివింది, మీటలన్నీ సదివింది, ‘గుడ్డివారికి అనువైనదిగా ధ్రువీకరించబడినది’ అని కూడా సదివింది. ఆపైన బొమ్మ అన్నాది. ఏటీ మారనేదు గావాల అనుకుని మంగళారం ఎప్పట్లాగే మద్దేనం ఎల్లినాం.”

వంతు పొద్దున్న ఆరింటికి మారింది, అదెప్పుడో దాటిపోయింది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రానికి వరప్రసాదుకి ఊపిరి ఆడలేదు. ఒక మంచం ఖాళీ అయింది కాబట్టి సరిపోయింది. ఇంకో గంట ఆగితే మాట వేరని నర్సు చెప్పిందట.

సైటు చేసిన ప్రద్యుమ్న నాకు తెలుసు. నిన్న టెక్కలి వెళ్లి అడిగాను. అతను తెల్లబోయాడు. “అన్నా, సర్టిఫికెట్టున్న థీమే కొన్నాను!” అని కాగితం తీశాడు. ఇద్దరం చివరిదాకా చదివాం. పరీక్షించింది థీమునే, అంటే సైటుకి ఖాళీ అచ్చునే. రంగులు, మీటలు, నమూనాకి పెట్టిన నాలుగు వాక్యాలు. తర్వాత అందులో మనం ఏం పెడతామో వాళ్లు చూడలేదు, చూస్తామనీ అనలేదు. ఇతనేమో కేంద్రం గోడ మీది వంతుల బోర్డుకి ఫొటో తీసి పెట్టాడు.

ఈ సంగతి చెప్పగానే పిన్ని చేతిలో పప్పు ఆగిపోయింది.

“ఖాళీ డబ్బాకి ముద్ర ఏసీసినారేటి?”

“అంతే పిన్నీ.”

“ఓరి దేవుడా! మా కార్ఖానాలో డబ్బా నింపినాక, మోసేతిదాకా సెయ్యెట్టి అడుగు పప్పు తీసి సూసీవోలం. అప్పుడే ముద్ర. పప్పెయ్యకముందే ముద్రేటి బాబూ?”

“ఇప్పుడు సరిచేశాడులే,” అన్నాను. “ఫొటోకి ఫోను పైకి చదివే వివరం రాయలేదని తెలిసి నా ముందే రాశాడు. సైటులో తప్పులు పట్టే యంత్రంతో చూపించాడు. పచ్చ గుర్తు వచ్చింది.”

“ఏదీ, సూద్దాం.”

ఆమె ఫోను తీసి వేలితో జరిపింది. ఫోను స్పష్టంగా పలికింది: “వంతుల పట్టిక ఫొటో. బొమ్మ.”

మళ్లీ జరిపింది. అదే మాట.

పచ్చ గుర్తు చూసి సంతోషంగా వచ్చినవాణ్ని నేను. వివరం ఉందా లేదా అన్నదే యంత్రం చూసింది. అందులో వరప్రసాదు వంతు ఉందో లేదో దానికేం పట్టింది?

ఫోను తీసుకుని ఫొటోలోని బోర్డు చదివాను. “రేపు శుక్రవారం, పొద్దున్న ఆరింటికి.”

“ఈయేల నువ్వున్నావు, సదివినావు. మంగళారం ఎవులు సదువుతారు?”

లోపల వరప్రసాదు దగ్గాడు. పిన్ని అటు చెవి పెట్టి, దగ్గు ఆగేదాకా ఉండి, ఫోను నా చేతిలోనే ఉంచి గుప్పిట మూసింది.

“ఈ ఫోను అట్టుకెల్లు. ఆ ప్రద్యుమ్నని తిట్టకు, మంచోడే. కళ్లకి తువ్వాలు కట్టి, ఇది సేతికియ్యి. మా ఆయన వంతు ఎప్పుడో సెప్పమను. సెప్పగలిగీదాకా తువ్వాలు ఇప్పకు. ఎల్లు బాబూ, టెక్కలి బస్సు వొచ్చీ ఏళయింది.”